మూత్ర సమస్యల ఇంటి పర్యవేక్షణ

మూత్ర సమస్యలున్న రోగి ఇంట్లోనే తన మూత్రం కొలతలు, వేళలు, ధార తీరు నమోదు చేసి, ఫోన్ ద్వారానో యాప్ ద్వారానో వైద్యునికి చేరవేసే పద్ధతి ఇది. ప్రోస్టేట్ వాపు, మూత్రం ఆపుకోలేకపోవడం, రాత్రిళ్లు పదేపదే లేవాల్సి రావడం వంటి ఇబ్బందుల్లో పనికొస్తుంది.

దీనికి ఆధారం మూత్ర డైరీ. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు, గడియారం, కాగితం ఉంటే చాలు. ఖరీదైన పరికరాల్లో చాలావాటికంటే ఇదే ఎక్కువ చెబుతుంది. సాధారణంగా మూడు రోజులు రాయిస్తారు: ఎప్పుడు వెళ్లారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయి, ఏం తాగారు, బట్టలు తడిశాయా. పడుకోబోయే ముందు పోసింది పగటి లెక్కలోకి, తెల్లారి లేవగానే పోసింది రాత్రి లెక్కలోకి వస్తాయి. చాలామంది తడబడేది ఇక్కడే. రోజు మొత్తం 1,800 మి.లీ.లో రాత్రి వాటా 800 అనుకుందాం, అంటే 44 శాతం. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002 నిర్వచనం ప్రకారం 65 ఏళ్లు దాటినవారిలో ఇది 33 శాతం మించితే రాత్రిపూట మూత్రం అతిగా తయారవుతున్నట్టు లెక్క. అలాంటప్పుడు తప్పు ప్రోస్టేట్‌ది కాకపోవచ్చు. పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా మారుతుంది. గుండె బలహీనత, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా కారణాలే.

ధార వేగాన్ని కొలిచేది యూరోఫ్లోమెట్రీ. తలుపు బయట జనం ఎదురుచూస్తుంటే క్లినిక్‌లో ఒక్కసారి పోసిన ధారను బట్టి తీర్పు చెప్పడం కష్టం. ఇంట్లో పలుమార్లు కొలిస్తే అసలు తీరు బయటపడుతుంది. కనీసం 150 మి.లీ. పోసినప్పుడే ఆ కొలతను నమ్ముతారు. గరిష్ఠ వేగం సెకనుకు 10 మి.లీ. లోపే ఉంటే అడ్డంకి ఉందని అనుమానిస్తారు. అయితే మూత్రాశయ కండరం నీరసించినా ధార సన్నబడుతుంది. ఏది కారణమో తేల్చాలంటే ఆస్పత్రిలో పీడన పరీక్ష చేయాల్సిందే.

ప్రోస్టేట్ లక్షణాలకు ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 35 మార్కుల్లో 8 నుంచి 19 వస్తే మధ్యస్థం, 20 ఆపైన తీవ్రం. దీన్ని ఫోన్‌లోనే నింపి పంపవచ్చు.

భారత ప్రభుత్వం 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేయడంతో దూరవైద్యానికి స్పష్టమైన నిబంధనలు ఏర్పడ్డాయి. పొట్ట పరీక్షా, ప్రోస్టేట్‌ను వేలితో తడిమి చూడడమూ మాత్రం ఫోన్‌లో కుదిరేవి కావు.

మూత్రం బొత్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా, మూత్రంలో రక్తం గడ్డలు పడినా, చలిజ్వరం వచ్చినా డైరీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.