చెరువు ఎండిన నెలల్లో లెక్కకెక్కేది ఎవరు?

సికింద్రాబాద్‌కు దగ్గర్లోని రాంనగర్ చేపల మార్కెట్‌లో మృగశిర కార్తె నాడు, అంటే జూన్ 8 ప్రాంతంలో, కాలు పెట్టే సందు దొరకదు. తెలంగాణ చెరువుల్లో చేప బాగా తగ్గిపోయే రోజులు కూడా అవే. తూర్పు తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. అందుకే ఆ రోజు అమ్ముడయ్యే సరుకులో చాలా భాగం ఆంధ్రా చేపల చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వస్తుంది.

సముద్రంలో విరామం తేదీని బట్టి, చెరువులో వానను బట్టి. వానాకాలంలో నీళ్లు చేరాక బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లల్ని వదులుతారు. 2016-17లో ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు ఆలస్యంగా వస్తే పెరిగే నెలలు తగ్గుతాయి. మత్తడి జోరుగా దూకితే చేప కిందికి కొట్టుకుపోతుంది. అసలు పట్టుబడి సంక్రాంతి దాటాక, నీళ్లు తగ్గేకొద్దీ. కుంట ఎండిందంటే మళ్లీ చేప చేతికొచ్చేసరికి ఆరేడు నెలలు.

ఆ నెలల్లో కొందరు వలలు బాగుచేసుకుంటారు, కొందరు నగరానికొచ్చి భవన నిర్మాణంలో కూలికి పోతారు. వేసవిలో ఉపాధి హామీ కింద, నిన్నటిదాకా వల వేసిన చెరువులోనే పూడిక తీసేవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లు తెల్లవారకముందే హోల్‌సేల్‌లో కొని బస్తీల్లో అమ్ముతారు. వేట ఆగినా ఇల్లు గడిచేది ఈ గంపల మీదే.

ప్రభుత్వ సాయమూ ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మూడు నెలలకు 4,500 రూపాయలు. అందులో 1,500 జాలరి ముందే కట్టుకున్న సొంత డబ్బు! ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ కాలపు భృతి 2025లో 20,000 అయింది. కేంద్ర పథకంలో పేరు ఎక్కాలంటే సొసైటీ సభ్యత్వం కావాలి.

ఇక్కడే కులం అడ్డొస్తుంది. తెలంగాణలో చేపల సొసైటీలు ప్రధానంగా ముదిరాజ్, గంగపుత్ర కులాలవి. వాళ్లూ వెనుకబడినవాళ్లే, వాళ్ల హక్కుతో మాకు పేచీ లేదు. కానీ తూము తెరిచి మూసే నీరటి పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాలది. చెరువును కాపాడిన ఆ కుటుంబాల పేర్లు సొసైటీ జాబితాల్లో సాధారణంగా కనిపించవు. మత్స్య సంపద యోజనలో ఎస్సీలకు 60 శాతం సబ్సిడీ ఉంది, నిజమే. చెరువు తవ్వుకోవడానికి భూమి ఏది? భూమి లేనివాళ్లకు మిగిలేది ఐసు పెట్టె బండి, అమ్మకం దుకాణం లాంటి యూనిట్లే.

ఊళ్లలో పనిచేస్తున్న మిత్రులు సమాచార హక్కు కింద జిల్లా మత్స్యశాఖను రెండు అడగాలి: మీ చెరువు సొసైటీ సభ్యుల్లో ఎస్సీలు ఎందరు, ఆ 60 శాతం సబ్సిడీతో మంజూరైన యూనిట్లు ఏవి, ఎన్ని.