రంగస్థల పద్యాల గ్రామఫోను రికార్డులు: నష్టరహిత శబ్ద సేకరణలో కొన్ని సమస్యలు

తెలుగు నాటక చరిత్రలో నటుల గానం గురించిన వ్యాఖ్యలు అధికభాగం ప్రేక్షకుల జ్ఞాపకాలపై ఆధారపడినవే. పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం మైదానాలు పద్యనాటకానికి పట్టుకొమ్మలు. స్థానం నరసింహారావు బాపట్లలో, ఈలపాట రఘురామయ్య గుంటూరు సమీపంలోని సుద్దపల్లిలో జన్మించారు. వారి సత్యభామను, శ్రీకృష్ణుణ్ణి వేదికపై చూసినవారు నేడు అరుదు. కనుక ఆ తరం గాత్రానికి మిగిలిన ప్రత్యక్ష సాక్ష్యం లక్కతో చేసిన గ్రామఫోను రికార్డే.

అయితే రికార్డులోని పద్యం రంగస్థలంపై వినిపించిన పద్యం కాదు. వేదికపై ‘వన్స్‌మోర్’ కేకలకు స్పందించి నటుడు పద్యాన్ని మళ్ళీ పాడేవాడు, చివరి ఆలాపనను మనసైనంతసేపు సాగదీసేవాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాల శబ్దమే పడుతుంది. ఆలాపన కుదించుకుపోవడానికి నటుని అభిరుచి కంటే ఈ పరిమితే కారణమై ఉండవచ్చు. రికార్డు ఆధారంగా పద్యగాన శైలిని నిర్ణయించే పరిశోధకులు ఈ విషయాన్ని తరచుగా విస్మరిస్తున్నారు.

మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వంటివారు వేల రికార్డులను స్వయంగా సేకరించారు. ఈ రంగంలో సంస్థల కంటే వ్యక్తుల కృషే ముందుండడం గమనార్హం. నేడు చాలామందికి అందుతున్నవి మాత్రం ఎంపీత్రీ ప్రతులు. చెవి గుర్తించదని భావించిన శబ్దాంశాలను ఎంపీత్రీ శాశ్వతంగా తొలగిస్తుంది. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి దస్త్రాన్ని కుదించినా, విప్పినపుడు మూలాన్ని యథాతథంగా ఇస్తుంది. సెకనుకు 96,000 నమూనాలు, 24 బిట్ల చొప్పున ఏకమార్గంలో నమోదు చేస్తే మూడు నిమిషాల పద్యం దాదాపు 52 మెగాబైట్లు అవుతుంది. ఫ్లాక్‌లో అది మరింత తగ్గుతుంది. నిల్వస్థలం నేడు సమస్యే కాదు.

అసలు సమస్య వేగం. ఆనాటి రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్ల వద్దే నమోదు కాలేదు. 80 చుట్ల వద్ద నమోదైన దానిని 78 వద్ద వినిపిస్తే శ్రుతి దాదాపు అర్ధస్వరంలో సగం మేర దిగిపోతుంది. ఆ తప్పు వేగంతో తీసిన ఫ్లాక్ ప్రతి తప్పును సైతం నష్టం లేకుండా భద్రపరుస్తుంది! హార్మోనియం శ్రుతి కొంత ఆధారమవుతుంది గాని, హార్మోనియంలన్నీ ఒకే శ్రుతిలో ఉండేవి కావు. కాబట్టి ఏ వేగంతో, ఎంత మొన గల సూదితో నమోదు చేశారో ప్రతి దస్త్రంతోపాటు తెలపాలి. గరగర శబ్దాన్ని తొలగించిన ప్రతి వినడానికి హాయిగా ఉంటుంది. కాని ఆ శుద్ధిలో హల్లుల స్ఫుటత్వం కూడా పోవచ్చు. తిరుపతి వెంకటకవుల పద్యాల ఉచ్చారణను పరిశీలించేవారికి శుద్ధి చేయని ప్రతే ప్రమాణం.

ఇక పట్టిక. నటుని పేరు, నాటకం పేరు ఇస్తే చాలదు. లేబులుపై ఉన్న కంపెనీ పేరు, రికార్డు సంఖ్య, లేబులు పక్కన చెక్కిన మాతృక సంఖ్య తప్పనిసరి. అదే పద్యాన్ని నటుడు రెండుసార్లు పాడి ఉంటే వాటిని వేరుచేసి చూపగలిగేది మాతృక సంఖ్యే. నాటకాన్ని పలు రికార్డుల సెట్టుగా విడుదల చేసినపుడు వరుసను కూడా ఈ సంఖ్యలతో సరిచూడవలసి ఉంటుంది. సెట్టులో ఒక పలక పగిలిపోయి దొరకకపోతే, దాని స్థానాన్ని పట్టికలో ఖాళీగా ఉంచాలే గాని తరువాతి దానిని ముందుకు జరపరాదు.