గోలకొండ ద్రాక్ష

మాఘ ఫాల్గుణములలో చార్మినారు చుట్టును తోపుడుబండ్లపై ద్రాక్షగుత్తులను మీలో పెక్కుమంది చూచియే యుందురు. ఈ పండు ఈ నేలకు నిన్నమొన్న వచ్చినది కాదు. ఫ్రాన్సు దేశపు యాత్రికుడు తెవెనో 1666-67 ప్రాంతమున, అబ్దుల్లా కుతుబ్‌షా యేలుబడిలో, ఈ నగరమునకు వచ్చెను. ఇచ్చట ద్రాక్షతీగలు విస్తారమనియు, పండ్లు జనవరిలో పక్వమగుననియు, ఎండ తగులు తీరునుబట్టి కొన్ని ఏప్రిలు వరకును కోతకు వచ్చుననియు, వానితో తెల్లని ద్రాక్షసారాయము చేయుదురనియు ఆతడు వ్రాసెను. కోత యైన పిమ్మట తీగను కత్తిరింతురనియు, జూను నాటికి మరల పుల్లని రసము లభించుననియు గూడ చెప్పెను.

సేద్యము తెలిసినవారు ఈ కడపటి మాటయొద్ద ఒకింత ఆగవలెను. ఐరోపాలో ద్రాక్ష శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. ఏటికి ఒక్కటే కోత. స్లొవీనియా దేశమున మారిబోరు పట్టణములో, ద్రావా నది యొడ్డున, ఒక యింటి గోడకు ప్రాకిన తీగ నాలుగువందల యేండ్లు దాటినది. అది జామెతొవ్‌కా యను నల్లద్రాక్ష. నేటికిని కాయుచున్నది, దాని సారాయమును చిన్నసీసాలలో నింపి గౌరవ అతిథులకు కానుక యిత్తురు. మన దక్కనులో అంతటి చలి లేదు. ఇచ్చట తీగకు ఋతువును తెలుపవలసినది కత్తెరయే. అందుచేతనే మన రైతు ఏప్రిలులో కొమ్మకొరకును, అక్టోబరులో కాయకొరకును, ఏటికి రెండుమారులు కత్తిరించును. తెవెనో చూచినది ఈ విద్యకు పూర్వరూపమని నా తలంపు.

1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ గారు హైదరాబాదునకు తెచ్చిరని చెప్పెడి అనాబెషాహి, అనగా రాజద్రాక్ష, పిమ్మట ఈ పరిసరముల పందిళ్లను కప్పివేసెను. పెద్దగుత్తి, కోలపండు, లోన గింజ. ఇది తినుటకే గాని సారాయమునకు పేరుపొందలేదు. గింజలేని రకములు వచ్చి దీనిని వెనుకకు నెట్టెను. తోటల నేల యిండ్లస్థలములుగా మారెను.

క్రొయేషియాలో ఇట్టిదే జరిగెను. అమెరికాలో జిన్‌ఫండెల్ అను ద్రాక్ష ప్రసిద్ధము. దాని పుట్టినిల్లు క్రొయేషియా సముద్రతీరపు కాష్తెలా అని 2001లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. అప్పటికి అచ్చటి పాతతోటలో మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగిన తీగలే! వాని కొమ్మలనుండియే ఆ దేశమువారు మరల తోటలు పెంచుకొనిరి.

మీ పెరటిలో పాత అనాబెషాహి తీగ యున్నయెడల, అక్టోబరు కత్తిరింపున ముదిరిన కొమ్మను మూడునాలుగు కణుపులుండునట్లు కోసి, ఇసుక కలిపిన మట్టిలో రెండు కణుపులు పూడునట్లు నాటుడు. పైకణుపు చిగిర్చువరకు నీడను ఉంచుడు.