ఓడిన రోజే ఆఖరి రోజు

యోకొహామాలో మేముండే వీధి చివర కూరగాయల దుకాణం ఉంది. దాని అద్దానికి ఎప్పుడూ ఒక ఫుట్‌బాల్ పోస్టరు అంటించి ఉంటుంది, 'యోకొహామా ఎఫ్. మారినోస్' అని. మారినోస్ అంటే నావికులు, రేవుపట్నం జట్టుకు తగిన పేరే. మధ్యలో ఆ 'ఎఫ్' ఎందుకో నాకు అంతు పట్టలేదు. ఒకరోజు దుకాణం పెద్దావిడను అడిగాను. "అది ఇప్పుడు లేని జట్టండీ" అని చెప్పి, తూకం వేస్తున్న ముల్లంగి పక్కన పెట్టేసింది. ఆ సాయంత్రం నేను ఇంటికి ఆలస్యంగా చేరాను.

జపాన్‌లో ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే కంపెనీల ఆట. నిస్సాన్‌కొక జట్టు, మాజ్దాకొకటి, మిత్సుబిషికొకటి. ఆటగాళ్లంతా ఆయా కంపెనీల ఉద్యోగులు. మనకిది కొత్తేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కూడా అలాంటిదేగా! సికింద్రాబాద్‌లో రహీం సాబ్ పేరెత్తితే చాలు, మా మేనమామ కాఫీ చల్లారిపోయినా పట్టించుకునేవాడు కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే కోచ్‌గా ఉండగా మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. జకార్తాలో మనవాళ్లు జపాన్‌ను 2-0తో ఓడించారు. ఈ మాట ఇక్కడి మిత్రులకు చెబితే మర్యాదగా తలూపుతారు గానీ నమ్మినట్టు కనిపించరు. నమ్మడం కష్టమే మరి. 1963లో రహీం సాబ్ పోయారు. ఆ తర్వాత జట్టు వైభవం తగ్గుతూ వచ్చింది. ఎవరూ దాన్ని మూసేశామని ప్రకటించలేదు. అందుకే కాబోలు, కాపాడుకుందామని ఎవరూ రోడ్డెక్కనూ లేదు.

జపాన్ వాళ్లు రోడ్డెక్కారు. వాళ్ల సంగతికే వస్తాను.

1993 మే 15న పది క్లబ్బులతో జె-లీగ్ మొదలైంది. దాని ఛైర్మన్ కవాబుచి సబురో ఒక పట్టు పట్టాడు. క్లబ్బు పేరులో ఊరు ఉండాలి, కంపెనీ ఉండకూడదు. ఈ దేశంలో బేస్‌బాల్ జట్లు ఇవాళ్టికీ కంపెనీల పేర్లతోనే ఆడుతున్నాయి కాబట్టి, అది ఎంత సాహసమో ఊహించుకోవచ్చు. యోమియురి పత్రిక అధిపతి వతనాబె త్సునెయొ బహిరంగంగానే ఎదురు తిరిగాడు. కవాబుచి వెనక్కి తగ్గలేదు. ఆయనంటే నాకు గొప్ప గౌరవం. అలా నిస్సాన్ జట్టు యోకొహామా మారినోస్ అయింది, ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ జట్టు యోకొహామా ఫ్లూగెల్స్ అయింది. విమాన సంస్థ కదా, రెక్కల పేరు పెట్టుకుంది.

పేరు ఊరిదే అయింది గానీ డబ్బు సంచి మాత్రం కంపెనీల చేతిలోనే ఉండిపోయింది. ఫ్లూగెల్స్‌కు విమాన సంస్థతో పాటు సాతో కోగ్యో అనే నిర్మాణ సంస్థ ఖర్చు పెట్టేది. భూముల ధరలు కుప్పకూలాక ఆ సంస్థ చితికిపోయి తప్పుకుంది. 1998 అక్టోబరు 29న వార్త బయటికొచ్చింది, ఫ్లూగెల్స్‌ను మారినోస్‌లో కలిపేస్తున్నారని. ఆటగాళ్లను అడగలేదు, అభిమానులను అడగలేదు. ఎదురుగా నిలబడి కేకలు వేసిన ప్రత్యర్థి జట్టునే రేపటి నుంచి మీ జట్టనుకోమన్నారు. అభిమానులు వీధుల్లో నిలబడి సంతకాలు సేకరించారు. ఫలితం లేకపోయింది.

మిగిలింది ఆట ఒక్కటే. జర్మనీ నుంచి వచ్చిన కోచ్ గెర్ట్ ఎంగెల్స్ ఆ జట్టును నడిపించాడు. లీగ్ ముగిశాక చక్రవర్తి కప్పు పోటీలు జరిగాయి. ఓడితే ఇంటికి పోవలసిన పోటీ అది. వీళ్లకు పోవడానికి ఇల్లు కూడా లేదు, ఓడిన రోజే క్లబ్బుకు ఆఖరి రోజు. క్వార్టర్ ఫైనల్లో జుబిలో ఇవాతను, సెమీస్‌లో కషిమా ఆంట్లర్స్‌ను ఓడించారు. ఆ ఏడాది దేశంలో మొదటి రెండు జట్లు అవే! విలీనం వార్త వచ్చాక ఫ్లూగెల్స్ ఒక్క ఆటా ఓడలేదు. 1999 జనవరి 1న టోక్యో జాతీయ స్టేడియంలో ఫైనల్. షిమిజు ఎస్-పల్స్ ముందు గోలు కొట్టింది. కుబొయామా సమం చేశాడు. రెండో సగంలో యోషిదా తకయుకి గెలిపించాడు, 2-1. కప్పు ఎత్తారు, జట్టు అయిపోయింది.

ఇక్కడ కొత్త సంవత్సరం మొదటి రోజు మన పండగల్లా సందడిగా ఉండదు. దుకాణాలు మూసి ఉంటాయి, కుటుంబమంతా ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుంది. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు అది బరువైన రోజు. ఆ రోజున దేశం దేశమంతా ఒక క్లబ్బు చివరి ఆట చూస్తూ కూర్చుందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మారినోస్ పేరులో 'ఎఫ్' చేరింది. చాలామంది ఫ్లూగెల్స్ అభిమానులకు ఆ అక్షరం ఓదార్పు కాలేదు. వాళ్లు విరాళాలు పోగుచేసి యోకొహామా ఎఫ్‌సి అనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. బార్సిలోనాలాగా సభ్యులు చందా కట్టి నడిపే పద్ధతి ఎంచుకున్నారు. జర్మనీ ప్రపంచ కప్పు విజేత లిట్‌బార్స్కీ కోచ్‌గా వచ్చాడు. 1999లోనూ 2000లోనూ జె-లీగ్ కింది శ్రేణి అయిన జెఎఫ్ఎల్‌లో మొదటి స్థానం, 2001లో రెండో డివిజన్, 2006లో దాన్నీ గెలిచి మొదటి డివిజన్. 2007 మార్చిలో మారినోస్‌ను 1-0తో ఓడించారు. ఆగస్టులో మారినోస్ 8-1తో బదులు తీర్చుకుంది. ఆ ఏడాది చివరి స్థానంలో నిలిచి కిందికి జారిపోయారు కూడా. అయినా ఆఖరి ఆటలో టైటిల్‌కు అడుగు దూరంలో ఉన్న ఉరావా రెడ్స్‌ను 1-0తో ఓడించారు. ఆ గోలుకు బంతి అందించినవాడు నలభై ఏళ్ల మియురా కజుయొషి. రెడ్స్ చేజార్చుకున్న టైటిల్ కషిమాకు దక్కింది.

అంతా మంచే జరిగిందని నేను చెప్పను. సభ్యుల క్లబ్బు ఎక్కువ కాలం సభ్యుల చేతిలో నిలవలేదు, అదీ చివరికి ఒక కంపెనీ గొడుగు కిందికే చేరింది. ఆదర్శం ఖర్చులను తట్టుకోలేదు. అయినా జట్టును మూసేసే హక్కు కంపెనీకి ఉందేమో గానీ, మరిచిపోయేలా చేసే హక్కు లేదని యోకొహామా జనం నిరూపించారు. ఫ్లూగెల్స్‌లో తొలి అడుగు వేసిన కుర్రాడు ఎందో యసుహితో తర్వాత జపాన్ తరఫున 152 మ్యాచ్‌లు ఆడాడు. ఇప్పటికీ అతని కథ ఫ్లూగెల్స్ నుంచే మొదలుపెడతారు.

మన సిటీ పోలీస్ ఆట కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే, వచ్చే ఆదివారం ఒక నోటుబుక్కు పట్టుకుని ఆయన దగ్గర కూర్చోండి. ఏ మైదానంలో చూశారో, ఎవరు గోలు కొట్టారో, ఎవరితో కలిసి వెళ్లారో అడిగి రాసుకోండి. రాసింది నాకూ ఒక ప్రతి పంపండి.