కొట్టము చెప్పు కథ

హైదరాబాదు నగరమునకు తూర్పున చంపాపేట కలదు. నేడు అచ్చట ఎటు చూచినను అంతస్తుల మేడలు, దుకాణములు, వివాహ మందిరములు. నాగార్జునసాగరమునకు పోవు బాటపై వాహనములకు తెరపి లేదు. కాని చంపాపేట, కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్ అనునవి ఒకప్పుడు నగరము వెలుపలి ఊళ్లు. ఊరు నగరములో కలిసిపోయినది. పేరు మాత్రము మిగిలినది. ఊరితో పాటు కనుమరుగైన వానిలో రైతు ఇల్లు ఒకటి. తెలంగాణపు రైతు ఇంటిని, దాని చుట్టునున్న కొట్టములను, గాదెలను గూర్చి నేడు కొంత ముచ్చటించుకొందము.

కలిగిన రైతు ఇంటికి ముందు వాకిలి, ఇరుప్రక్కల అరుగులు ఉండెడివి. బలమైన దర్వాజా దాటి లోపల అడుగిడినచో నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి, చుట్టును వసారాలు, వాని వెనుక అర్రలు. దీనిని తెలంగాణమున భవంతి ఇల్లందురు. కోస్తా జిల్లాలలో మండువా లోగిలి అందురు. గోడలు మట్టివి, మూరెడు మందమునకు తక్కువ కానివి. మందమైన మట్టిగోడ పగటి ఎండను త్వరగా లోనికి రానీయదు. అందుచేత నడి వేసవిలోను అర్రలో చల్లదనము నిలుచును. పైన దూలములు, వాసములు, వానిపై గూనపెంకులు. నాలుగు వైపుల నుండి వాననీరు ముంగిలిలో పడి తూము గుండ వెలుపలికి పోవును. వెలుతురు, గాలి, నీటిపారుదల అనెడి మూడింటిని ఒక్క ముంగిలి చక్కబెట్టినది.

అయినను రైతు ఇల్లు అచ్చటితో ముగియలేదు. పెరటి ప్రక్కనో, వాకిటి కెదురుగానో పశువుల కొట్టము ఉండెడిది. వరుసగా గుంజలు, మేతతొట్లు, చూరున చెక్కిన కొడవళ్లు, అటకపై కాడి, నాగలి, గుంటక. దానికి దాపుననే గడ్డివాము. కాని నిప్పు భయము చేత వంటింటికి దూరముగా వేయుదురు. బియ్యము కడిగిన నీరు, గంజి, తవుడు కలిసిన కుడితి గోలెము కొట్టము ప్రక్కనే ఉండును. పేడ, చెత్త ఎరువుగుంటకు చేరి, వేసవిలో బండ్లపై పొలమునకు పోవును. పొలము నుండి గడ్డి మరల వామికి వచ్చును. ఏ వస్తువును వ్యర్థము కానీయని ఈ వరుసను చూచిన పిమ్మట, కొట్టమును ఇంటికి అనుబంధమనుట సరికాదని తోచును. కొట్టము కొరకే ఇల్లు కట్టబడినదేమో అనిపించును.

ఇక గింజల సంగతి. కల్లములో ఎడ్లను బంతి కట్టి కంకులు తొక్కించి, గాలికి తూర్పార బట్టిన పిదప ధాన్యము ఇల్లు చేరును. వెదురుతో అల్లిన పెద్ద గుమ్మికి లోపల, వెలుపల పేడ, మట్టి కలిపి మెత్తుదురు. చెదలు, ఎలుకలు, చెమ్మ అంటకుండ దానిని రాళ్లపై నిలుపుదురు. గింజలలో వేపాకు వేయుదురు. జొన్నలకు పాతర త్రవ్వుటయు కలదు. మెట్టనేలలో గొయ్యి తీసి, చుట్టును గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన మట్టితో మూయుదురు. గాలి సోకని గింజకు పురుగు పట్టదు. పాతర తెరచిన వెంటనే లోనికి దిగరాదని పెద్దలు హెచ్చరించెడివారు; లోపల నిలిచిన చెడుగాలి ప్రాణములు తీయగలదు.

మన పల్లె నుండి దృష్టిని ఒకింత దూరము సారింతము. ఇంగ్లండులోని పాత రైతు ఇండ్ల చెంత గాదెలను పుట్టగొడుగుల వంటి రాళ్లపై నిలిపిరి. ఎలుక స్తంభమెక్కినను పైనున్న రాతి గొడుగును దాటలేదు. మన గుమ్మి క్రింది రాయికిని ఆ రాతి గొడుగుకును ఉద్దేశ మొక్కటే. అచ్చటి ధాన్యశాలకు ఎదురెదురుగా పెద్ద తలుపులుండెను; ఆ రెంటి నడుమ వీచు గాలిలో తూర్పార బట్టెడివారు. ఎండ కాయు మన దేశములో కల్లము బయలున ఉండగా, వాన వీడని ఆ దేశములో కల్లము కప్పు క్రిందికి పోయినది.

గ్రేట్ కాక్స్‌వెల్ అను ఊరిలో పదమూడవ శతాబ్దపు రాతి ధాన్యశాల నేటికిని నిలిచియున్నది. దాని పొడవు సుమారు 150 అడుగులు. అది రైతుది కాదు. బ్యూలీ మఠమునకు చెందినది. ఆ దేశపు రైతు పంటలో పదవ వంతును చర్చికి కొలిచెడివాడు. 1836లో వచ్చిన చట్టము ఆ గింజల చెల్లింపును రొక్కముగా మార్చెను. పెద్ద గాదెను చూచినప్పుడు మన మడుగవలసిన ప్రశ్న ఒకటి ఇచ్చట స్ఫురించును: ఇందులోని గింజ లెవరివి?

తెలంగాణములో ఈ ప్రశ్నకు జవాబు గడి. దేశముఖుల గడిలోను ఉన్నవి అవే అంగములు: ముంగిలి, అర్రలు, కొట్టములు, గాదెలు. కాని అన్నియు పెద్దవి. చుట్టును ఎత్తయిన గోడ. ఆ గోడకు మట్టి తొక్కినవారు, దూలములు మోసినవారు అనేకచోట్ల వెట్టివారే. కరవు నెలలలో రైతు గడి గాదె నుండి గింజలు నాగునకు తెచ్చికొని, పంట రాగానే సగమో అంతకు మించియో కలిపి కొలిచెడివాడు. గడిలో గాదె నిండిన కొలది రైతు ఇంట గుమ్మి వట్టిపోయెడిది.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలునకు సాగుచేసిన పంటను విసునూరు దేశముఖు తన వశము చేసికొన జూచెను. సంఘ కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యమును ఆమె ఇంటికే చేర్చిరి. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై దేశముఖు మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. పిమ్మట సాగిన సాయుధ పోరాటము చరిత్ర ప్రసిద్ధము. 1949లో జాగీర్లు రద్దాయెను. 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. ఇంతటి కథకు మూలము కల్లములోని ధాన్యము ఏ ఇంటి గుమ్మికి పోవలెననెడి వివాదమే.

దోమకొండ సంస్థానపు కోటను పునరుద్ధరించినందులకు 2022లో యునెస్కో పురస్కారము లభించినది. సంతోషింపదగిన విషయమే. కాని రాతికి దొరకిన రక్షణ మట్టికి దొరకలేదు. ట్రాక్టరు రాగా ఎడ్లు పోయినవి. ఎడ్లు పోగా కొట్టము కూలినది. బోరుబావి రాగా మోటబావి పూడినది. వరికోత యంత్రము కల్లమును మాన్పినది. ఈ మార్పులు రైతు నడుము నొప్పిని కొంత తగ్గించినవి, వానిని నిందింపరాదు. కూలిన కొట్టమును మరల కట్టుమని మేము కోరుట లేదు.

మేము కోరునది స్వల్పము. చంపాపేటలోనేమి, మరియొక పేటలోనేమి, నేటి అంతస్తుల ఇండ్లలో కొట్టమును ఎరిగిన వృద్ధులు ఇంకను కలరు. వారిని కూర్చుండబెట్టి, ఒక కాగితముపై వారి తాతగారి ఇంటి పటము గీయించుడు. గుంజ లెన్ని, గుమ్మి యెచ్చట, పాతర యెవరు త్రవ్విరి, వెట్టికి ఎవరు పోయిరి అని అడిగి వ్రాసికొనుడు. గడి కథను రాళ్లు చెప్పును. మట్టి ఇంటి కథను చెప్పుటకు మనుషులే మిగిలియున్నారు.