నీళ్లు వాటంతటవే నిండవు

జగదల్‌పూర్‌లో మేముంటున్న ఇంట్లో పోయిన వానాకాలం ఓ వింత జరిగింది. రాత్రి ఖాళీగా వదిలేసిన వాషింగ్ మెషీన్‌లో తెల్లారేసరికి సగం దాకా నీళ్లుంటున్నాయి. స్విచ్ వేసినవాళ్లు లేరు. మొదటిరోజు మా ఆవిడ నన్ను అనుమానించింది, నేను ఆవిణ్ణి అనుమానించాను. మూడోరోజుకి ఇద్దరం కలిసి మెషీన్‌ని అనుమానించాం.

ఇంతవరకైతే రాయాల్సిన పని లేదు, మెకానిక్కుని పిలిస్తే సరిపోయేది. కానీ అంతలో పక్కింటావిడ వచ్చింది. కొత్తవలస-కిరండూల్ రైల్వే లైను వచ్చాక ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. మంచి మనిషే. మా ఆవిడతో గొంతు తగ్గించి, "వదినగారూ, ఆ కొత్త పనిమనిషి వచ్చిన వారంలోనే కదా ఇది మొదలైంది? వాళ్ల ఊళ్లో కూడా ఆమె గురించి ఏదో అనుకుంటారట" అంది.

బస్తర్‌లో ఆ "ఏదో" అనే మాటకి ఓ పేరుంది: టోన్హీ. అంటే మంత్రగత్తె. ఆ ముద్ర పడిన ఆడదాన్ని కొట్టడం, ఊరినుంచి వెళ్లగొట్టడం, కొన్నిసార్లు చంపడం కూడా జరుగుతుంది కాబట్టే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోన్హీ వేధింపుల నివారణకు ప్రత్యేక చట్టం చేసింది. ఒక మనిషిని టోన్హీ అని వేలెత్తి చూపినందుకే 3 ఏళ్ల దాకా, ఆ పేరుతో హింసిస్తే 5 ఏళ్ల దాకా జైలుశిక్ష ఉంది. అంటే మా మెషీన్‌లో నీళ్లు ఒక మనిషి బతుకు మీదికి వచ్చాయన్నమాట. అప్పుడు నేను కాస్త కదిలాను.

వెనక్కి వెళ్లి చూస్తే, తనంతట తానే నీళ్లిచ్చే యంత్రం మనిషికి కొత్తేమీ కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న హెరాన్ అనే మేధావి గుడి కోసం ఒక పాత్రను వర్ణించాడు. భక్తుడు 5 ద్రాక్మాల నాణెం లోపల వేస్తే పవిత్రజలం కారుతుంది. నాణెం బరువుకి లోపలున్న త్రాసు లాంటి పుల్ల ఒకవైపు వాలుతుంది, రెండోవైపు కవాటం లేస్తుంది, నీళ్లు వస్తాయి. నాణెం జారిపోగానే కవాటం మూసుకుంటుంది. బలిపీఠం మీద మంట వెలిగిస్తే గుడి తలుపులు తెరుచుకునే ఏర్పాటును కూడా ఆయనే వివరించాడు. వేడికి గాలి వ్యాకోచించి నీళ్లను తొట్టిలోకి నెడుతుంది, ఆ తొట్టి బరువు తాళ్లను లాగి తలుపులు తిప్పుతుంది. హెరాన్ ఏదీ దాచలేదు, అంతా పుస్తకంలో రాసిపెట్టాడు. గుడి బయట నిలబడి దండం పెట్టుకునేవాడు మాత్రం ఆ పుస్తకం చదివి ఉండడు. అద్భుతాలన్నీ బతికేది ఆ సందులోనే.

1937లో అమెరికాలో బెండిక్స్ సంస్థ నీళ్లు పట్టుకోవడం, ఉతకడం, జాడించడం, పిండడం తానే చేసుకునే మెషీన్‌ను జనం ముందు పెట్టింది. కుళాయి తిప్పే పని మనిషి చేతినుంచి కవాటానికి వెళ్లిపోయింది. హెరాన్ గుడిలో నాణెం చేసిన పని ఇవాళ మన ఇళ్లలో కరెంటు చేస్తోంది.

ఆ కవాటం ఎలా పనిచేస్తుందో తెలిస్తే మా ఇంటి దెయ్యం సగం పోయినట్టే. లోపల ఒక రబ్బరు పొర, దానికి సన్నటి రంధ్రం ఉంటాయి. నీళ్లు ఆ రంధ్రంలోంచి పొర పైకి చేరి, తమ ఒత్తిడితోనే పొరను అదిమి దారి మూస్తాయి. నీళ్లను ఆపేది నీళ్లే! కరెంటు వచ్చినప్పుడు అయస్కాంతం పైనున్న చిన్న దారి తెరుస్తుంది, పొరపై ఒత్తిడి తగ్గుతుంది, అది లేచి నీళ్లు వదులుతుంది. పొర కూర్చునే అంచు మీద చిన్న నలుసు అడ్డుపడినా దారి పూర్తిగా మూసుకోదు.

నేను రక్షణశాఖలో లెక్కలు చూసినవాణ్ణి. వోచరు లేని పద్దును ఒప్పుకునే అలవాటు లేదు. నీళ్లు రావడానికి ఉన్న దారులు రాసుకున్నాను. ఒకటి, కరెంటు భాగం పాడై కవాటాన్ని తెరిపిస్తుండాలి. రెండు, కవాటమే సరిగ్గా మూసుకోక కారుతుండాలి. మూడు, బయటికి పోయే గొట్టంలోంచి మురుగు వెనక్కి తన్నుతుండాలి. నాలుగు, పక్కింటావిడ చెప్పిన కారణం.

మొదటి రాత్రి ప్లగ్గు పీకేశాను. అయినా నీళ్లు నిండాయి, కాబట్టి కరెంటు నిర్దోషి. రెండోరాత్రి ప్లగ్గు ఉంచి కుళాయి కట్టేశాను. చుక్క లేదు. మురుగు వెనక్కి తన్నేదైతే కుళాయి కట్టినా వచ్చి ఉండేది. పైగా అంతకుముందు వచ్చినవి తేట నీళ్లు. మిగిలింది కవాటం. కారే ధార కింద కొలగ్లాసు పెడితే నిమిషానికి 60 మిల్లీలీటర్లు వచ్చింది. పగలు ఎవరి కంటా పడనంత సన్నటి ధార అది. రాత్రి 8 గంటలంటే 480 నిమిషాలు, 28.8 లీటర్లు. పద్దు సరిపోయింది.

ఇక నాలుగోది. పరీక్షలకు ముందే ఆ పనిమనిషి పెళ్లికని రెండురోజులు ఊరెళ్లింది. ఆ రెండు రాత్రులూ నీళ్లు నిండాయి. ఈ మాట చెబితే పక్కింటావిడ, "దూరంనుంచి కూడా చేస్తారట అన్నయ్యగారూ" అంది. ఉంటే ఆమె వల్ల, లేకపోతే దూరంనుంచి ఆమె వల్ల! ఏం జరిగినా తప్పని తేలే వీలులేని మాటకి రుజువు బలం ఏముంటుంది?

మరి ఆమె వచ్చిన వారంలోనే ఎందుకు మొదలైంది? ఆ వారమే మేము పైనున్న ట్యాంకు కడిగించాం. మా బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. అడుగున పేరుకున్న ఎర్రటి మడ్డి కదిలి గొట్టాల్లోకి దిగింది. కవాటం విప్పితే పొర అంచున గోరంత తుప్పు పెళుసు దొరికింది. పొర కూడా అక్కడ కోసుకుపోయింది. కొత్త కవాటం వేయించాం. ఇప్పటికి ఒక్కరాత్రి కూడా నీళ్లు నిండలేదు.

ఇలాంటివి మన దేశంలో కొత్త కాదు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడన్నారు. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి, తలతన్యత వల్ల పాలు విగ్రహం మీదుగా కిందికి జారడం చూపించారు. 2012 మార్చిలో ముంబైలో ఒక చర్చి దగ్గర శిలువ మీది ఏసు పాదాలనుంచి నీళ్లు కారాయి. సనల్ ఎడమరుకు వెళ్లి, మూసుకుపోయిన మురుగుకాలువ నీళ్లు గోడలోంచి కేశనాళికీయత వల్ల పైకి పాకుతున్నాయని చూపించారు. దానికి దక్కింది సెక్షన్ 295-ఎ కింద ఫిర్యాదులు. ఆ ఏడాదే ఆయన ఫిన్లాండ్ వెళ్లిపోయారు. గొట్టం మురికి చూపించినవాడు దేశం వదలాల్సి వచ్చింది.

ఆయన పని ముందు నాది ఏపాటిది? ఒక స్క్రూడ్రైవరు, ఒక కొలగ్లాసు, నాలుగు రాత్రుల ఓపిక. కానీ ఆ ఓపిక పట్టకపోయి ఉంటే, మర్యాదగా "రేపట్నించి రావద్దు" అని ఆమెను మాన్పించేసేవాళ్లం. కారణం చెప్పేవాళ్లం కాదు. వీధి మొత్తం కారణం తనంతట తానే ఊహించుకునేది. టోన్హీ ముద్ర చాలాసార్లు ఇలా పెద్దమనుషుల మౌనంతోనే పడుతుంది.

ఆమెకు అంతా ముందే తెలుసు. కవాటం మార్చిన రోజు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "నాదేం తప్పు లేదు కదా బాబూజీ?" అని అడిగింది. మా ఆవిడ ఆ తుప్పు పెళుసును ఆమె అరచేతిలో పెట్టింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగు చివర ముడేసుకుంది. ఎందుకని అడిగితే, "ఎవరైనా అడిగితే చూపిస్తాను" అంది.