రాళ్లు తెస్తె గుడి కాదు, ఫైళ్లు తెస్తె ప్రాజెక్టు కాదు

మా ఆలంపూర్‌ల ఉన్న కూడవెల్లి సంగమేశ్వరుని గుడి అసలు ఈడిది కాదు. శ్రీశైలం డ్యాం నీళ్లల్ల మునుగుతదని రాయికి రాయి విప్పి, తెచ్చి, మళ్ల కట్టిన్రు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును కొత్త జాగకు మార్చుడు గూడ నా లెక్కల గసుంటిదే. ఏ రాయి ఏడ ఉండెనో తెల్వాలె.

గూగుల్ కోడ్ అని ఒకటుండె. మూసేస్తమని 2015 మార్చిల చెప్పిన్రు, 2016 జనవరిల మూసిన్రు. తెలుగు పుస్తకాల ఫొటోలకెల్లి అక్షరాలు గుంజే టెసరాక్ట్ అండ్లనే ఉండె, గిట్‌హబ్‌కు మారింది. పైథాన్ కోడు సుత 2017 ఫిబ్రవరిల గాడికే వచ్చింది.

జిప్ ఫైలు దించి కొత్తదాన్ల ఎక్కిస్తె అయిపాయె అనుకుంటరు మనోళ్లు. గట్ల చేస్తె ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చిన్రో ఆ చరిత్రంత పోతది. పాతది గిట్‌ల ఉంటె మిర్రర్ క్లోన్ తీసి, మిర్రర్ పుష్ కొట్టున్రి. బ్రాంచులు, ట్యాగులు అన్ని వస్తయ్. సబ్‌వర్షన్‌ల ఉంటె ముందుగాల గిట్‌లకు మార్చాలె. పాత యూజర్‌నేములకు అసలు పేర్లు, ఈమెయిళ్లు జతచేసే లిస్టు రాస్కోవాలె. విసుగు పుట్టే పనే, కానీ తొందరపడొద్దు. పేరు పోతె ఊరి పిల్లగాడు నౌకరికి పోయినప్పుడు చూపిచ్చుకునే రుజువే పోయినట్టు.

ఇష్యూలు మాత్రం గిట్ ఎంబడి రావు, వేరేగ ఇంపోర్ట్ చేస్కోవాలె. లైసెన్స్ ఫైలును ముట్టొద్దు. పాత జాగల కొత్త అడ్రస్ రాసి, చదువుకునేతందుకే ఉంచున్రి.

గిట్‌హబ్‌ను సుత 2018ల మైక్రోసాఫ్ట్ కొన్నది. రేపెట్లుంటదో ఎవరికెరుక? ఇంకో మిర్రర్ వేరే కాడ, ఒక కాపీ ఇంట్ల హార్డ్‌డిస్క్‌ల పెట్టుకోన్రి.